పోలీసు టేజర్ తీస్తే ఏం చేయాలి: అమెరికాలో ఉన్న మనవాళ్ళకీ, చూడ్డానికి వచ్చే అమ్మానాన్నలకీ

పోయిన సమ్మర్‌లో నాన్నని ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి తీసుకొస్తుంటే వెనకాల ఎరుపు నీలం లైట్లు వెలిగాయి. నా కారు టెయిల్ లైట్ ఒకటి పోయిందంట, నాకు తెలీదు. నేను పక్కకి తీసి ఆపానో లేదో ఆయన సీట్ బెల్ట్ తీసేసి డోర్ తెరిచి ఒక కాలు కింద పెట్టేశాడు. ఆయన తప్పేం లేదు, మన దగ్గర అదే మర్యాద కదా, ఎస్సైగారు ఆపితే బండి దిగాలి, ఆయన దగ్గరకి నడుచుకుంటూ వెళ్ళాలి, నమస్తే సార్ అనాలి, కార్లో కూర్చునే మాట్లాడితే వీడికి ఎంత పొగరు అనుకుంటారు. వెనక నుంచి మైక్‌లో కార్లోనే ఉండమని గట్టిగా అరుపు. నాన్నకి ఆ యాస అర్థం కాలేదు, రెండో కాలు కూడా పెట్టబోతుంటే నేను చొక్కా పట్టుకుని లోపలికి లాగా. ఆ పోలీసాయన దగ్గరకి వచ్చేటప్పుడు ఎడమ చెయ్యి నడుముకి ఉన్న పసుపు రంగు దాని మీద ఉంది. చివరికి వార్నింగ్ ఇచ్చి పంపేశాడు, పాపం మంచాయనే. ఇంటికొచ్చాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఆ పసుపు బొమ్మ తుపాకీ ఏంట్రా?"

అదే టేజర్, వైర్లు కట్టిన ముళ్ళని విసిరి కరెంట్ షాకిచ్చే పరికరం. ఆ రాత్రి ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, కొంచెం ఎక్కువే రాస్తున్నా. ఎందుకంటే ఇక్కడ మనవాళ్ళ మీద పోలీసు కాల్పులు అని వార్త వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట, టేజర్ ఉంది కదా తుపాకీ ఎందుకు తీశాడు అని. నేనూ ఒకప్పుడు అలాగే అనేవాడిని. కానీ టేజర్ అంటే ప్రాణం తీయని తుపాకీ కాదు, అది వేరే వస్తువు, పనిచేసే చోటు చాలా చిన్నది. దాన్ని నమ్ముకుని మనం ప్లాన్ చేసుకుంటే కష్టం.

ముందు అదేంటో చూద్దాం. 1969లో జాక్ కవర్ అనే నాసా సైంటిస్ట్ మొదలుపెట్టాడు, 1974కి తయారైంది. మొదట్లో ముళ్ళని విసరడానికి గన్‌పౌడర్ వాడేవాళ్ళు కాబట్టి ప్రభుత్వం దాన్ని తుపాకీ కిందే లెక్కేసింది. 1993లో స్మిత్ బ్రదర్స్ అరిజోనాలో కంపెనీ పెట్టి గన్‌పౌడర్ బదులు నైట్రోజన్ గ్యాస్ పెట్టారు, అక్కడి నుంచి పోలీసుల నడుములకి ఎక్కింది. ఆ కంపెనీ పేరే ఇప్పుడు ఆక్సాన్, 2017లో మార్చారు, పోలీసుల ఛాతీ మీద ఉండే కెమెరాలు కూడా చాలావరకు వాళ్ళవే.

ట్రిగ్గర్ నొక్కితే రెండు ముళ్ళు వెళ్తాయి, చివర్లో చేపల గాలానికి ఉన్నట్టు చిన్న కొక్కెం, వెనక సన్నని వైర్లు. రెండూ ఒంటికి గుచ్చుకుంటేనే సర్క్యూట్ పూర్తయ్యి కరెంట్ పారుతుంది. ఒక నొక్కుడికి 5 సెకన్లు. రెండు ముళ్ళ మధ్య కనీసం ఒక అడుగు దూరం ఉంటే ఆ మధ్యలో ఉన్న కండరాలన్నీ బిగుసుకుపోయి మనిషి కర్రలా పడిపోతాడు. అదే దగ్గర దగ్గరగా గుచ్చుకుంటే నొప్పే తప్ప పడడు. పాత మోడల్స్‌లో ముళ్ళ మధ్య ఒక అడుగు రావాలంటే పోలీసు సుమారు 7 అడుగుల దూరంలో ఉండాలి, మరీ దూరమైతే వైరు అందదు. ముల్లు లేకుండా టేజర్ మూతినే ఒంటికి ఆనించి షాకిచ్చే పద్ధతి కూడా ఉంది, దానితో నొప్పి తప్ప మనిషి కంట్రోల్‌లోకి రాడు, నొప్పికి ఇంకా పెనుగులాడతాడు. 2023లో వచ్చిన టేజర్ 10లో పది ముళ్ళు విడివిడిగా వదలొచ్చు, 45 అడుగుల దాకా వెళ్తాయి, కానీ ప్రతి ఊరి పోలీసు దగ్గరా కొత్తదే ఉంటుందని ఏం లేదు.

మా నాన్న కరెంట్ డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా ముప్ఫై ఏళ్ళు చేశాడు కాబట్టి టేజర్‌ది 50 వేల వోల్టులు అనగానే నమ్మలేదు, "11 కేవీ లైను తగిలితేనే మనిషి బొగ్గైపోతాడు, 50 వేలా" అన్నాడు. అది గాల్లో దూకేటప్పటి వోల్టేజ్ నాన్నా, ఎక్స్26 అనే పాత మోడల్‌లో ఒంటికి చేరేది సుమారు 1,200 వోల్టులు, యావరేజ్ కరెంట్ రెండు మిల్లీ ఆంపియర్ల చిల్లర, చిన్న చిన్న దెబ్బలుగా సెకనుకి 19 సార్లు అని చెప్తే అప్పుడు ఊరుకున్నాడు. మన ఇళ్ళలో షాక్ కొట్టకుండా కరెంట్ ఆపేసే ఈఎల్‌సీబీ 30 మిల్లీ ఆంపియర్లకి ట్రిప్ అవుతుంది కదా, దానికంటే చాలా తక్కువ. అందుకే ఆరోగ్యంగా ఉన్న మనుషులు మామూలుగా లేచి కూర్చుంటారు. అలాగని సేఫ్ అని కాదు. ఆ కంపెనీ వాళ్ళే 2009లో పోలీసులకి చెప్పారు, వీలైతే ఛాతీ మీదకి గురిపెట్టొద్దని. 2017లో రాయిటర్స్ వాళ్ళు లెక్క తీస్తే టేజర్ వాడిన ఘటనల్లో వెయ్యికి పైగా చావులు బయటపడ్డాయి, అన్నిటికీ అదే కారణమని కాదు, డ్రగ్స్, గుండె జబ్బు, పోలీసులు పడేసి మీద కూర్చోడం ఇవన్నీ కలిసి ఉంటాయి.

అసలు ప్రశ్నకి వద్దాం, తుపాకీ బదులు ఇది ఎందుకు వాడరు.

ఎందుకంటే చాలాసార్లు తగలదు, తగిలినా పనిచేయదు. చలికాలంలో షికాగోలో వేసుకునే లావుపాటి జాకెట్ చాలు, ముల్లు చర్మం దాకా పోదు, వదులు బట్టలైనా అంతే. ఒక ముల్లు తగిలి ఇంకోటి పక్కకి పోయినా సున్నా. 2019లో ఏపీఎం రిపోర్ట్స్ అనే రేడియో జర్నలిస్టుల టీమ్ వెతికితే 2015 నుంచి 2017 దాకా మూడేళ్ళలో టేజర్ పనిచేయక ఆ తర్వాత పోలీసులు కాల్చి చంపిన కేసులు 250కి పైగా తేలాయి. వాటిలో చాలావాటిలో షాక్ తగిలాక మనిషి ఇంకా రెచ్చిపోయాడు. అందుకే చేతిలో కత్తి ఉన్నవాడి ముందు ఒక్కడే పోలీసు ఉంటే మామూలుగా టేజర్ తీయడు, ఇద్దరుంటే ఒకడు టేజర్ ఇంకొకడు తుపాకీ పట్టుకుని నిలబడతారు. వాళ్ళకి ట్రైనింగ్‌లో 21 అడుగులు అని ఒక లెక్క నూరిపోస్తారు, 1983లో ట్యూలర్ అనే పోలీసు ఇన్‌స్ట్రక్టర్ రాసింది, కత్తి పట్టుకున్నవాడు అంత దూరాన్ని ఒకటిన్నర సెకనులో దాటేస్తాడని. ఆయన చెప్పింది జాగ్రత్తగా దూరం జరగండి అని, వీళ్ళు దాన్ని 21 అడుగుల లోపల ఉంటే కాల్చేయొచ్చు అన్నట్టు చేసుకున్నారు అనేది నా అభిప్రాయం, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు.

ఇంకో సంగతి, షికాగోలో టేజర్లు ఎక్కువమందికి పంచాక ఏమైందో ఇద్దరు రీసెర్చర్లు చూస్తే, టేజర్ వాడకం బాగా పెరిగింది, మిగతా రకాల బలప్రయోగం పెద్దగా తగ్గలేదు, తుపాకీ వాడకం కూడా తగ్గలేదు. అంటే తుపాకీకి బదులు అని తెచ్చింది ఇంకొకటి అదనంగా చేరినట్టైంది. ఇది మనకి ఎందుకంటే, పెద్ద గొడవేం లేని చోట, అంటే మన నాన్నల్లాంటి వాళ్ళు అర్థం కాక మాట వినని చోట, అది బయటికి వచ్చే ఛాన్స్ ఎక్కువ.

కాబట్టి కారు ఆపినప్పుడు ఏం చేయాలో ఇంటికొచ్చిన ప్రతి పెద్దవాళ్ళకీ చేసి చూపించండి, చెప్తే సరిపోదు. దిగొద్దు. అద్దం దించాలి, రాత్రయితే లోపల లైటు వేయాలి, డ్రైవర్ చేతులు స్టీరింగ్ మీద, పక్కన కూర్చున్నవాళ్ళ చేతులు డ్యాష్‌బోర్డ్ మీద, వెనకవాళ్ళవి ముందు సీటు మీద. లైసెన్స్ అడిగితే "జేబులో ఉంది, తీయనా" అని అడిగి, సరే అన్నాక మెల్లగా తీయాలి, అడక్కుండానే గ్లవ్ బాక్స్‌లో చెయ్యి పెట్టే అలవాటు మనకి బాగా ఉంది. ఆయనే దిగమంటే మాత్రం దిగాల్సిందే, డ్రైవర్‌కి 1977 నుంచి, పక్కన కూర్చున్నవాళ్ళకి 1997 నుంచి సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఎందుకు దిగాలి అని రోడ్డు మీద లా పాయింట్లు తీయొద్దు, అది తర్వాత లాయర్ తీస్తాడు. దిగాక కూడా ఆయన వైపు నడవొద్దు. చెయ్యి పట్టుకుని బతిమాలడం, గడ్డం పట్టుకోడం, కాళ్ళ మీద పడబోవడం ఇవన్నీ మన దగ్గర దండం పెట్టడం లాంటివే, ఇక్కడ పోలీసు మీద చెయ్యి వేయడం కింద లెక్క. నవ్వొచ్చినా ఇది ఖచ్చితంగా చెప్పండి.

దిగడం గురించి ఒక కేసుంది. కాలిఫోర్నియా కొరొనాడోలో ఒక కుర్రాడిని సీట్ బెల్ట్ పెట్టుకోలేదని ఆపారు, నిక్కరు మీద ఉన్నాడు, అప్పటికే ఆ రోజు ఒక టికెట్ పడి మండిపోతున్నాడు, కారు దిగి నిలబడి ఏదేదో అర్థం లేకుండా అరుస్తూ తొడలు కొట్టుకుంటున్నాడు. ఇరవై అడుగుల దూరంలో ఉన్న పోలీసు టేజర్ కొట్టాడు. కండరాలు బిగుసుకుంటే చేతులు అడ్డం పెట్టుకోలేం కదా, మొహం తారు రోడ్డుకి కొట్టుకుని నాలుగు పళ్ళు విరిగాయి. ఆయుధం లేని, బెదిరించని మనిషి మీద అది ఎక్కువే అని నైన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పింది, అయినా అప్పటికి రూల్ స్పష్టంగా లేదని పోలీసుని కేసు నుంచి వదిలేసింది. మీ తప్పేం లేకపోయినా పళ్ళు మీవే పోతాయి, అందుకే ముందే జాగ్రత్త.

పోలీసు టేజర్ తీసి గురిపెడితే ఒంటి మీద ఎర్ర లేదా ఆకుపచ్చ లేజర్ చుక్క కనిపిస్తుంది, వదిలే ముందు "టేజర్ టేజర్" అని అరుస్తారు, అది పక్కనున్న పోలీసులకి, నేను తుపాకీ కాల్చట్లేదు అని. ఆ క్షణంలో ఎక్కడున్నవాళ్ళు అక్కడే ఆగిపోవాలి, వేళ్ళు విడదీసి చేతులు పైకి. ఒక్క అడుగు కూడా ముందుకి వెయ్యొద్దు, వెనక్కి తిరిగి పరిగెత్తొద్దు. పసుపు రంగుదే కదా అని ధైర్యం మాత్రం వద్దు, 2021 ఏప్రిల్‌లో మిన్నెసోటా బ్రూక్లిన్ సెంటర్‌లో ఒక ఆఫీసర్ టేజర్ అని అరుస్తూ తుపాకీ కాల్చింది, ఇరవై ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు, ఆమెకి జైలు శిక్ష పడింది. అందుకే చాలా చోట్ల టేజర్‌ని తుపాకీకి రెండో వైపు కట్టుకోవాలని రూల్. గుండె జబ్బు, పేస్‌మేకర్, కడుపుతో ఉండటం ఏదున్నా చేతులు పైకెత్తే అరిచి చెప్పండి, చూపించడానికి జేబులో చెయ్యి పెట్టొద్దు. ఒంటి మీద స్పిరిట్, శానిటైజర్, పెట్రోల్ పడి ఉంటే అదీ చెప్పండి, నిప్పు అంటుకుంటుంది. 2021లో న్యూయార్క్ క్యాట్‌స్కిల్‌లో పోలీస్ స్టేషన్ లాబీలోనే ఒకాయన ఒంటి మీద శానిటైజర్ పోసుకుని ఉంటే టేజర్ కొట్టారు, మంటలంటుకుని కాలిపోయి కొన్ని వారాలకి పోయాడు.

పక్కన ఉన్న ఇంట్లోవాళ్ళకి ఇది ఇంకా కష్టం, కళ్ళ ముందు నాన్నో తమ్ముడో గిలగిలా కొట్టుకుంటుంటే మీద పడకుండా ఉండలేం. కానీ పడొద్దు. మీరు పరిగెత్తుకొస్తే రెండో పోలీసుకి మీరు కనపడేది దాడికి వచ్చే మనిషిలాగే. ఆ 5 సెకన్లు అతను చెప్పిన మాట వినలేడు, చేతులు వెనక్కి పెట్టు అంటే పెట్టలేడు, అదే మీరు దూరం నుంచి అరవండి, ఆయనకి ఇంగ్లీష్ రాదు, గుండె జబ్బుంది అని. కుదిరితే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి, దూరంగా నిలబడి.

ముసలివాళ్ళకి కరెంట్ కంటే పడటమే ప్రమాదం. ఆస్ట్రేలియా కూమాలో 2023 మేలో నర్సింగ్ హోమ్‌లో ఉన్న 95 ఏళ్ళ పెద్దావిడ, వాకర్ పట్టుకుని నడిచే మనిషి, చేతిలో స్టేక్ కత్తి ఉందని టేజర్ కొట్టారు. పడి తలకి దెబ్బ తగిలి పోయింది. ఆ పోలీసుని కోర్టు దోషి అంది, జైలు మాత్రం వెయ్యలేదు.

భాష రాని పెద్దవాళ్ళని ఒంటరిగా ఫ్లైట్ ఎక్కించేవాళ్ళు ఈ ముక్క జాగ్రత్తగా చదవండి. 2007 అక్టోబర్‌లో కెనడా వాంకూవర్ ఎయిర్‌పోర్ట్‌లో పోలండ్ నుంచి ఒకాయన దిగాడు, తల్లి దగ్గరికి వచ్చేస్తున్నాడు, ఇంగ్లీష్ ముక్క రాదు. సుమారు పది గంటలు లోపలే తిరిగాడు, ఎటు పోవాలో ఎవరూ చెప్పలేదు, బయట తల్లి ఎదురుచూసి ఎదురుచూసి, మీ అబ్బాయి ఇక్కడ లేడు అంటే ఊరికి వెళ్ళిపోయింది. అర్ధరాత్రి దాటాక ఆయన అలిసిపోయి కోపమొచ్చి సామాన్లు విసిరాడు. నలుగురు పోలీసులు వచ్చారు, అరనిమిషం కూడా మాట్లాడలేదు, ఆయన బల్ల మీద స్టేప్లర్ పట్టుకున్నాడని టేజర్ కొట్టారు, మొత్తం ఐదుసార్లు. అక్కడే పోయాడు. పక్కనే ఉన్న ప్రయాణికుడు వీడియో తీయబట్టి లోకానికి తెలిసింది, బ్రెయిడ్‌వుడ్ అనే రిటైర్డ్ జడ్జి ఎంక్వైరీ చేసి 2010లో ఆ టేజర్ వాడకం అన్యాయం అని తేల్చాడు. ఆ వీడియో చూసిన ప్రతిసారీ నాకు మా అమ్మే గుర్తొస్తుంది, ఖతార్‌లో ఫ్లైట్ మారేటప్పుడు గేటు దొరక్క ఏడ్చింది.

అందుకే వీల్‌చెయిర్ అసిస్టెన్స్ పెట్టించండి, నడవగలిగినా సరే, మనిషి తోడుంటాడు. ఒక కార్డు మీద ఇంగ్లీష్‌లో పెద్ద అక్షరాలతో నా భాష తెలుగు, నాకు ఇంగ్లీష్ రాదు, నా కొడుకు నంబర్ ఇది, నాకు ఈ జబ్బులున్నాయి అని రాసి మెడలో ట్యాగ్‌లో వేలాడదీయండి. జేబులో కాదు, మెడలో. ఎందుకో పైన చెప్పా.

ఇంట్లో మనిషికి మతి స్థిమితం తప్పినప్పుడు ఇంకో కథ. ఉద్యోగం పోయి, వీసా టెన్షన్‌తో, నిద్ర లేక రూమ్‌లో అరుస్తూ కత్తి పట్టుకున్న కుర్రాళ్ళ గురించి మనం వింటూనే ఉన్నాం, రూమ్మేట్స్ భయపడి 911 కొడతారు. ప్రాణం మీదకి రాలేదు, మనిషి మాట్లాడుతున్నాడు అంటే ముందు మానసిక సంక్షోభాల హెల్ప్‌లైన్ 988కి చేయండి, 2022 జూలై నుంచి దేశమంతా పనిచేస్తుంది, కౌన్సిలర్ మాట్లాడతాడు. 911 చేయక తప్పకపోతే మెంటల్ హెల్త్ క్రైసిస్ అనే మాట మొదటి వాక్యంలోనే రావాలి, సీఐటీ ట్రైనింగ్ ఉన్న ఆఫీసర్ కావాలి అని అడగండి, మతి స్థిమితం తప్పినవాళ్ళతో ఎలా మెలగాలో నేర్పే ట్రైనింగ్ అది, 1988లో మెంఫిస్‌లో మొదలైంది, చాలా ఊళ్ళలో ఉంది. డెన్వర్‌లో అయితే 2020 నుంచి కొన్ని కాల్స్‌కి పోలీసు లేకుండా మెంటల్ హెల్త్ మనిషినీ మెడికల్ మనిషినీ పంపుతున్నారు, మీ ఊళ్ళో అలాంటిది ఉందో లేదో ఇవాళే వెతికి పెట్టుకోండి, అవసరం వచ్చిన రోజు వెతకలేరు. ఆయుధం ఉంటే ఉందనే చెప్పండి, ఎక్కడుందో చెప్పండి, లేకపోతే లేదని గట్టిగా చెప్పండి, ఆపరేటర్ టైప్ చేసిన మాటే పోలీసు తలలో ఉంటుంది. పోలీసులు వచ్చేలోపు మిగతావాళ్ళు బయటికి వచ్చేయండి, వంటింటి కత్తులు అందేట్టు ఉంటే తీసుకెళ్ళిపోండి, ఎదురెళ్ళేటప్పుడు మాత్రం మీ చేతుల్లో అవి ఉండకూడదు, ఫోన్ కూడా వద్దు. ఇంగ్లీష్ రానివాళ్ళు ఫోన్ చేస్తే మొదట "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పినా చాలా చోట్ల ఇంటర్‌ప్రెటర్‌ని కలుపుతారు.

నార్త్ కరోలినా పైన్‌హర్స్ట్‌లో 2011లో అచ్చం ఇలాంటిదే, హాస్పిటల్ నుంచి వెళ్ళిపోయిన పేషెంట్ స్టాప్ సైన్ స్తంభాన్ని కావలించుకుని కూర్చుంటే రెండు నిమిషాల్లో ఐదుసార్లు షాకిచ్చారు, చనిపోయాడు. 2016లో ఫోర్త్ సర్క్యూట్ కోర్టు చెప్పింది, వెంటనే ప్రమాదం ఏమీ లేకుండా, ఊరికే కదలనంటున్నాడని టేజర్ వాడటం రాజ్యాంగ విరుద్ధమని. ఆ పోలీసులు మాత్రం అందులోనూ బయటపడ్డారు.

ఇక టేజర్ పడింది, మనిషి బతికున్నాడు, తర్వాత? ముల్లు మీరు పీకొద్దు, ముఖ్యంగా కన్ను, మెడ, రొమ్ము, మర్మాంగాల దగ్గరైతే డాక్టరే తీయాలి. నాకు బానే ఉంది అన్నా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్ళమని అడగండి, తల దెబ్బ ఉందేమో చూడమనండి. ముళ్ళు దిగిన చోటు, గీరుకున్న చోట్లు అన్నీ ఫోటోలు తీయండి, ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతకొద్దు. ట్రిగ్గర్ ఎన్నిసార్లు నొక్కారు, ఎంతసేపు నొక్కారు అనేది టేజర్‌లోనే రికార్డ్ అవుతుంది, కాబట్టి ఆ డేటా, బాడీ కెమెరా వీడియో చెరపకుండా ఉంచమని లాయర్ చేత వెంటనే లెటర్ పెట్టించండి. 2011లో పోలీస్ అధికారుల రీసెర్చ్ ఫోరమ్ ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో మొత్తం 15 సెకన్లు దాటితే ప్రాణాపాయం పెరగొచ్చని ఉంది, లాయర్లు పట్టుకునేది ఆ అంకెనే. ఇంగ్లండ్ టెల్‌ఫర్డ్‌లో 2016లో ఒక మాజీ ఫుట్‌బాల్ ప్లేయర్‌కి ఒకేసారి 33 సెకన్లు కరెంట్ పెట్టారని తేలడానికి కూడా ఈ రికార్డే పనికొచ్చింది, ఆ పోలీసుకి 8 ఏళ్ళు శిక్ష పడింది. గడువులు మాత్రం చాలా తక్కువ, న్యూయార్క్‌లో ఊరి ప్రభుత్వం మీద నష్టపరిహారం క్లెయిమ్ నోటీస్ 90 రోజుల్లో ఇవ్వాలి, కాలిఫోర్నియాలో 6 నెలలు. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళని అరెస్ట్ చేస్తే కాన్సులేట్‌కి చెప్పమని మీరే అడగాలి, అడక్కపోతే వాళ్ళంతట వాళ్ళు చెప్పక్కర్లేదు.

మన ఆడపిల్లలకి ఇక్కడికి వచ్చేటప్పుడు బ్యాగులో స్టన్ గన్ పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అవి ఎక్కువగా ఒంటికి ఆనించి షాకిచ్చేవే, నొప్పి తప్ప మనిషిని పడేయవు, రాష్ట్రానికో రూలు, చాలా క్యాంపస్‌లలో బ్యాన్, విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు. పెట్టుకుంటే మీ ఇష్టం, పోలీసు ఆపినప్పుడు బ్యాగులో చెయ్యి పెట్టకముందే ఉందని చెప్పండి.

నాన్న వచ్చిన రెండో రోజే మా డ్రైవ్‌వేలో కార్లో కూర్చోబెట్టి నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయించా, నేను పోలీసు, ఆయన ప్యాసింజర్, అమ్మ కిటికీలోంచి చూసి నవ్వుతూనే ఉంది. మొన్న గ్యాస్ కొట్టిద్దామని ఆపితే బంకులో కూడా రెండు చేతులూ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టేసుకుని కూర్చున్నాడు, నేను కార్డు గీకి తిరిగొచ్చేదాకా తీయలేదు.